తాతయ్య టూరింగ్ కారు అమ్మేశాను

మూడు తరాలుగా మా ఇంట్లో ఉన్న 1924 నాటి ఫోర్డ్ మోడల్ టీ టూరింగ్ కారును ఈమధ్యే అమ్మేశాను. తెలిసినవాళ్ళంతా ఒకటే మాట. "అంత ప్రాణంగా చూసుకున్నావు, అమ్మడానికి మనసెలా ఒప్పింది?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం నా వల్ల కావడం లేదు. చెప్పాలంటే చాలా ఉంది కూడా. అందుకే రాస్తున్నాను.

కారణం నా ఎడమ మోకాలు. మోడల్ టీ నడిపినవాళ్ళకి ఈ ఒక్క మాట చాలు. మిగతావాళ్ళకి కొంచెం చెప్పాలి. ఈ కారుకి గేర్ రాడ్డు ఉండదు. కింద మూడు పెడళ్ళు ఉంటాయి. కుడిది బ్రేకు, మధ్యది రివర్సు, ఎడమది గేర్లకి. ఎడమ పెడల్ పూర్తిగా వదిలేస్తే టాప్ గేరు, సగం తొక్కితే న్యూట్రల్, నేలకి తగిలేదాకా తొక్కి అలాగే పట్టుకుంటే లో గేరు. ముందుకి వెళ్ళడానికి ఉన్నవి ఆ రెండు గేర్లే. యాక్సిలరేటర్ కాలి దగ్గర ఉండదు, స్టీరింగ్ కింద చేతికి అందేలా చిన్న లివర్ ఉంటుంది. ఎత్తు ఎక్కుతున్నంతసేపూ ఎడమ కాలు ఆ పెడల్‌ని అదిమిపట్టి ఉంచాల్సిందే. కాలు కాస్త సడలిందా, లోపల గేరు డ్రమ్మును బిగించి పట్టుకునే బ్యాండు, అంటే పట్టీ, జారుతుంది. జారిన బ్యాండు అరుగుతుంది.

మోకాలు అరిగిందని డాక్టరు చెప్పాక ముందు ఎత్తులు మానేశాను. తర్వాత రద్దీ రోడ్లు మానేశాను. చివరికి షెడ్డులోనే స్టార్ట్ చేసి, కాసేపు చప్పుడు విని ఆపేయడం దాకా వచ్చింది. అది కారుకి ఏమాత్రం మంచిది కాదు. ఇంజన్ పూర్తిగా వేడెక్కకుండా ఆపేస్తుంటే లోపల తేమ చేరి ఆయిల్ పాడవుతుంది. నిలవున్న పెట్రోలు కార్బురేటర్లో జిగురు కడుతుంది. టైర్లు ఒకేచోట బరువు మోసి పగుళ్ళిస్తాయి. బాగున్న కారును కళ్ళముందే పాడుచేసుకోవడం కంటే, బాగున్నప్పుడే నడిపేవాళ్ళకి ఇవ్వడం నయమనిపించింది. ఇంకో సంగతి కూడా ఉంది. దీని గురించి నాకు తెలిసిందంతా ఎదుటిమనిషికి చూపించి నేర్పే ఓపిక నాకు ఉండగానే ఇవ్వాలి. ఆ రెండోదే నాకు ముఖ్యం.

నిజానికి మోడల్ టీ అరుదైన కారేమీ కాదు. 1908 నుంచి 1927 దాకా కోటిన్నరకు పైగా తయారుచేశారు. 1999లో దీన్ని శతాబ్దపు కారుగా ఎంపిక చేశారు. అంత పేరుంది కాబట్టి దీనికి ఇవాళ్టికీ కొత్త టైర్లు, కొత్త స్పేర్లు తయారుచేసేవాళ్ళున్నారు. అంటే పది కార్ల ముక్కలు పోగేసి, రంగేసి, ఒక కారు నిలబెట్టడం కష్టం కాదు. అలాంటివి చూడటానికి ధగధగలాడుతుంటాయి. కానీ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఇంజన్, బాడీ, పైన మడిచే హుడ్ కమ్మీలు, ఆ కమ్మీల మీద బకిల్స్ అన్నీ కలిసే ఉండి, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో కాగితాలతో సహా ఉన్న కారు మాత్రం తేలిగ్గా దొరకదు. మా కారు గొప్ప అంతా అదే.

మాది కెనడాలోని ఫోర్డ్ ఫ్యాక్టరీలో తయారైంది. కుడివైపు స్టీరింగ్ ఉన్న మోడల్ టీలు అక్కడి నుంచే చాలా దేశాలకి వెళ్ళాయి. ఇంజన్ నంబరు ముందు 'సీ' అనే అక్షరం ఉంటే అది కెనడా ఇంజన్ అని గుర్తు. ఆ నంబరు ఇంజన్ ఎడమవైపు, రేడియేటర్ నీళ్ళు లోపలికి వెళ్ళే గొట్టానికి పైన ఉంటుంది. చిన్నప్పుడు నాన్న నా వేలు పట్టుకుని ఆ అంకెల మీద తిప్పి చదివించేవారు. ఇంకో తేడా కూడా చూపించేవారు. ఆ రోజుల్లో అమెరికాలో తయారైన టూరింగ్ కార్లకి డ్రైవర్ వైపు తలుపే ఉండదు. తలుపు ఉన్నట్టు రేకు మీద గీత నొక్కి వదిలేశారు. మా దానికి నాలుగు తలుపులూ నిజమైన తలుపులే. స్కూల్లో ఈ సంగతి ఎంత గొప్పగా చెప్పుకునేవాడినో! రంగు సంగతి చెప్పక్కర్లేదు, నలుపు. 1914 నుంచి 1925 దాకా వచ్చిన మోడల్ టీలన్నీ నలుపే.

మొదటి ఓనరు ఒక డాక్టరుగారు. రోగుల ఇళ్ళకి వెళ్ళిరావడానికి కొన్నారట. ఆయన పెద్దవారై, మూసి ఉన్న కారు కావాలనుకున్నప్పుడు దీన్ని మా తాతయ్యకి ఇచ్చారు. తాతయ్య లెక్కల మాస్టారు. కారుతోపాటు డాక్టరుగారి దగ్గర్నుంచి ఒక లావుపాటి నోటుపుస్తకం కూడా వచ్చింది. అందులో మొదటి కొన్ని పేజీలే డాక్టరుగారివి. ఆ తర్వాతంతా తాతయ్య దస్తూరీ. పెన్సిల్‌తో రాసేవారు, నూనె చేతులు తగిలితే సిరా అలుక్కుపోతుందని. ఒక్కో రోజుకి ఒక్కో లైను, అంతే. "పై కుళాయి కారింది, ఆయిల్ చాలు." "వాన. టాప్ తడిసింది, ఆరేదాకా మడవరాదు." "వెనక ఎడమ చక్రం స్పోకులు కిర్రుమంటున్నాయి. అవిసె నూనె పట్టించాను. మూడు రోజులు ఎండ తగలనివ్వలేదు."

పై కుళాయి అంటే, ఈ కారుకి ఆయిల్ చూసే కడ్డీ ఉండదు. కింద క్రాంక్‌కేస్‌కి ఒకదాని కింద ఒకటి రెండు చిన్న కుళాయిలు ఉంటాయి. కారు కిందకి దూరి పైది తిప్పితే ఆయిల్ కారాలి. అది కారకపోతే పోయాలి. కిందది కూడా కారలేదంటే ఇంజన్ తిప్పకూడదు. తాతయ్య ధోవతి ఎగ్గట్టి, గోనెపట్టా పరుచుకుని కారు కిందకి దూరడం నాకు బాగా గుర్తు. నేను పక్కన పడుకుని, ఆయన "ఊఁ" అనగానే గుడ్డ అందించేవాడిని.

టాప్ సంగతిలో మాత్రం తాతయ్య చాలా పట్టుదల మనిషి. టూరింగ్ కారంటే అద్దాల కిటికీలు లేని, పైన మడిచే హుడ్ ఉన్న కారు. తడి గుడ్డను మడిచి పెడితే మడతల దగ్గర బూజు పడుతుంది, ఏళ్ళు గడిచేసరికి ఆ మడతల్లోనే చిరుగుతుంది. అందుకే ఇంటికి వచ్చాక హుడ్ మడవకుండా నిలబెట్టే ఉంచేవారు. షెడ్డు ఎత్తు కూడా దానికి సరిపడా కట్టించారు. ఇంత కాలం హుడ్ నిలిచిందంటే దానికి మందులూ పాలిష్‌లూ కారణం కాదు, ఆ షెడ్డు ఎత్తే కారణం. పాత కారు దాచుకునేవాళ్ళు ఏ ఖరీదైన కవరో కొనేముందు షెడ్డు చూరు ఎత్తు చూసుకుంటే మంచిది.

వానొస్తే పక్కలకి పరదాలు బిగించాలి. నల్ల గుడ్డ, మధ్యలో సెల్యులాయిడ్ కిటికీ. ఏ పరదా ఏ తలుపుకో గుర్తుపట్టడానికి వెనకవైపు నాయనమ్మ దారంతో చుక్కలు కుట్టింది. ఒక చుక్క ముందు కుడి, రెండు చుక్కలు ముందు ఎడమ, అలా. నాలుగో పరదా మూల ఒకచోట చిరిగితే ముదురు గోధుమరంగు దారంతో అడ్డంగా, గట్టిగా కుట్టేసింది. ఆ కుట్లు ఇప్పటికీ ఒక్కటి కూడా ఊడలేదు. సెల్యులాయిడ్ మాత్రం పసుపుపచ్చబడి పెళుసెక్కింది. చుడితే పుటుక్కున విరుగుతుంది. అందుకని వాటిని మడవకుండా, చుట్టకుండా, మధ్యలో పాత బట్టలు వేసి పెద్ద పెట్టెలో పరిచి ఉంచుతూ వచ్చాం.

నాన్న చేతికి వచ్చాక కారు ఎక్కువ తిరిగింది. తాతయ్యకి కారంటే భక్తి, నాన్నకి సరదా. దాన్ని ఆయన స్టార్ట్ చేసే తీరు చూడాలి. స్టార్టర్ పనిచేస్తున్నా సరే, ముందుకి వెళ్ళి హ్యాండిల్ పట్టుకునేవారు. ఇంజన్‌లో నిప్పురవ్వ పడే సమయాన్ని ముందుకీ వెనక్కీ జరిపే స్పార్క్ లివర్ వెనక్కి పెట్టడం, థ్రాటిల్ అంటే ఆ చేతి యాక్సిలరేటర్ కొంచెం తెరవడం, రేడియేటర్ కింద ఉన్న తీగ ఉంగరం లాగి రెండు మూడు సార్లు ఊరికే తిప్పడం. ఆ తర్వాత తాళం తిప్పగానే చెక్క డబ్బాల్లోని కాయిల్స్ తేనెటీగల్లా రొదపెట్టేవి. అప్పుడు ఎడమ చేత్తో, కిందనుంచి పైకి, ఒక్క లాగు. నాకు మొదట నేర్పింది బొటనవేలి సంగతి. హ్యాండిల్ చుట్టూ బొటనవేలు బిగించకూడదు, మిగతా నాలుగు వేళ్ళ పక్కనే పెట్టాలి. స్పార్క్ ముందుకి ఉండిపోతే ఇంజన్ వెనక్కి తంతుంది. ఆ దెబ్బకి మణికట్లు విరగ్గొట్టుకున్నవాళ్ళు ఆ కాలంలో ఎందరో. ఎడమ చేత్తో పైకి లాగుతుంటే ఆ తన్ను చేతిని విడిపించేస్తుంది.

ఒక్కోసారి వేడిగా ఉన్న ఇంజన్‌ని ఆపి, కాసేపయ్యాక తాళం తిప్పి స్పార్క్ లివర్ జరిపితే చాలు, హ్యాండిల్ ముట్టకుండానే అందుకునేది. ఏదో ఒక సిలిండర్లో మిగిలిన గ్యాసుకి కాయిల్ నిప్పు తగిలితే అలా జరుగుతుంది. అది జరిగిన రోజు నాన్న మొహం వెలిగిపోయేది. చుట్టూ ఎవరూ లేకపోతే మా అమ్మని పిలిచి మరీ చూపించేవారు. "ఏమోయ్, చూశావా, దానంతటదే!" అనేవారు. అమ్మ ప్రతిసారీ అప్పుడే మొదటిసారి చూసినట్టు నవ్వేది.

పెట్రోలు ట్యాంకు ముందు సీటు కింద ఉంటుంది. పెట్రోలు పోయాలంటే సీట్లో ఉన్నవాళ్ళు దిగాలి, మెత్త తీయాలి, మూత విప్పి చెక్క స్కేలు ముంచి ఎంతుందో చూడాలి. పంపు లేదు, ట్యాంకులోంచి కార్బురేటర్‌కి పెట్రోలు దానంతటదే కిందకి పారాలి. ట్యాంకులో తక్కువున్నప్పుడు నిటారు ఎత్తు ఎక్కితే ముందున్న ఇంజన్ పైకి లేస్తుంది, పెట్రోలు అందదు. ఒకసారి చుట్టాల పిల్లలతో సహా కిక్కిరిసి వెళ్తుంటే సరిగ్గా ఎత్తు మధ్యలో ఇంజన్ దగ్గి ఆగిపోయింది. అందరం భయపడ్డాం. నాన్న నింపాదిగా కారును కిందకి జార్చి, వెనక్కి తిప్పి, మెడ తిప్పి చూసుకుంటూ రివర్సులో ఆ ఎత్తంతా ఎక్కించేశారు. అలా ఎక్కితే ట్యాంకు ఇంజన్ కంటే పైన ఉంటుంది, పైగా రివర్సు గేరుకి బలం ఎక్కువ. పిల్లలందరం ఒకటే కేకలు. ఎదురొచ్చినవాళ్ళంతా ఆగి చూశారు.

సరదా మనిషే అయినా, నాన్న చేసిన ఒక మరమ్మతు వల్లే ఇంత కాలం ఎవరికీ ఏమీ కాలేదని నమ్ముతాను. మోడల్ టీ కాలి బ్రేకు చక్రాల్లో ఉండదు, గేర్లుండే ట్రాన్స్‌మిషన్‌లో ఉంటుంది. వెనక యాక్సిల్ లోపల పళ్ళచక్రాల్ని పక్కకి జరగకుండా ఆపడానికి కంపెనీ వేసిన థ్రస్ట్ వాషర్లు బాబిట్ అనే మెత్తటి లోహంతో చేసినవి. ఏళ్ళు గడిచాక అవి పొడైపోతే పళ్ళచక్రాలు ఒకదానికొకటి అందవు. అప్పుడు ఇంజన్‌కీ చక్రాలకీ సంబంధం తెగిపోతుంది, దాంతో బ్రేకు కూడా పోతుంది. హ్యాండ్ బ్రేకు ఒక్కటే గతి. నాన్న యాక్సిల్ మొత్తం విప్పించి వాటి స్థానంలో కంచు వాషర్లు వేయించారు. పాత వాషర్లు ఒక రేకు డబ్బాలో వేసి, పైన తేదీ రాసి పెట్టారు. తీసేసిన ఏ వస్తువునీ పారేయకూడదన్నది మా ఇంటి రూలు.

ఇక అమ్మకం సంగతి. అమ్మాలనుకున్నాక చాలామంది, "ముందు రంగేయించు, రేటు వస్తుంది" అన్నారు. నేను వేయించలేదు. ఎడమ వెనక మడ్‌గార్డు మీద ఎనామెల్ సన్నగా పగుళ్ళిచ్చింది, అలాగే ఉంచాను. వెనక సీటు కింద రేకు తుప్పుపట్టిన చోట ఫోటో తీసి, అడిగినవాళ్ళందరికీ ముందు అదే పంపాను. పాత కార్ల వాళ్ళలో ఒక మాట ఉంది, కారు ఒరిజినల్‌గా ఉండేది ఒక్కసారే అని. పాత వాహనాల క్లబ్బుల అంతర్జాతీయ సమాఖ్య ఫివా ఆమోదించిన టురిన్ చార్టర్ కూడా ఆ దారిలోనే ఉంది. వీలైనంత తక్కువ మార్చాలి, మార్చింది రాసిపెట్టుకోవాలి, వాహనం వాడకంలో ఉండాలి. తాతయ్య ఆ చార్టర్ పుట్టకముందే పోయారు గానీ, ఆయన చేసింది అక్షరాలా అదే.

వచ్చినవాళ్ళలో ఒకాయన దీన్ని అద్దాల హాల్లో నిలబెట్టాలనుకున్నారు. పెద్దమనిషే, ఎక్కువ ఇస్తానన్నారు కూడా. కానీ ఆయన హాల్లో ఇంజన్ స్టార్ట్ చేయడానికి వీల్లేదు. మరొకరు ఇంజన్ తీసేసి కొత్తది పెట్టి వేగంగా నడపాలన్నారు. ఆయనతో మాట అక్కడే ఆపేశాను. ఇరవై హార్స్‌పవర్ల ఆ ఇంజనే లేకపోతే ఇక అది మా కారు ఎలా అవుతుంది?

తర్వాత వచ్చింది ఒక అమ్మాయి, ముప్ఫై దాటి ఉంటాయి. లేత్ పని తెలిసిన మనిషి. రంగు వైపు చూడలేదు. వస్తూనే, "అంకుల్, వెనక యాక్సిల్లో ఇంకా బాబిట్ వాషర్లేనా, మార్చారా?" అని అడిగింది. నేను మాట్లాడకుండా వెళ్ళి నాన్న రేకు డబ్బా తెచ్చి చేతిలో పెట్టాను. మూత తీసి, నలిగిపోయిన ఆ ముక్కల్ని అరచేతిలో వేసుకుని చాలాసేపు చూసింది. తర్వాత కారు కిందకి దూరి పై కుళాయి తిప్పింది. నేను ముందే స్టార్ట్ చేసి ఉంచానేమోనని రేడియేటర్ మీద చెయ్యేసి చూసింది. చల్లగా ఉన్న ఇంజన్ ఎలా అందుకుంటుందో చూడాలంది. నాకు భలే నచ్చింది. పాత ఇంజన్ గుట్టంతా చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది.

పరదాల పెట్టె తెరిచినప్పుడు ఆ గోధుమరంగు కుట్ల దగ్గర ఆగి, "ఇవి ఎవరు కుట్టారు?" అంది. చెప్పాను. "వీటిని ఇలాగే ఉంచుతాను అంకుల్. వానలో వాడుకోవడానికి వేరే సెట్టు కుట్టించుకుంటాను" అంది. అప్పటికి రేటు మాట్లాడుకోనేలేదు. అయినా నా మనసులో కారు ఆ అమ్మాయిదైపోయింది.

డబ్బు చేతిలో పడగానే బండి అప్పగించేయడానికి మాత్రం ఒప్పుకోలేదు. కొన్ని వారాలు వచ్చి నాతో నడపమన్నాను. ఆమెకీ అదే కావాలి. మామూలు కార్లు నడిపిన అలవాటు ఇక్కడ ప్రమాదం. కంగారులో కుడి కాలు యాక్సిలరేటర్ కోసం వెతికితే బ్రేకు తగులుతుంది, ఎడమ కాలు క్లచ్ అనుకుని నేలదాకా తొక్కితే కారు ఆగదు, లో గేర్లో ముందుకి దూకుతుంది. ఖాళీ మైదానంలో ఎడమ కాలు సగంలో ఆపడం ఒక్కటే ఎన్నిసార్లు చేయించానో. ఆగేటప్పుడు ఒక్కోసారి బ్రేకుకి బదులు రివర్సు పెడల్ మెల్లగా తొక్కితే బ్యాండ్లు సమానంగా అరుగుతాయని నాన్న చెప్పింది కూడా చెప్పాను.

రోడ్డు మీదకి తీసుకెళ్ళిన రోజు నేను ఎడమ సీట్లో కూర్చున్నాను. మా ఇంటి వాళ్ళు కానివాళ్ళు ఆ స్టీరింగ్ పట్టుకుంటే పక్కన కూర్చోవడం నాకదే మొదలు. ఆ సీటు అమ్మది. అక్కడి నుంచి చూస్తే బానెట్ ఇంకోలా కనిపిస్తుంది, తలుపు అంచు మోచేతికి అందుతుంది. ఆ అంచు మీద ఒకచోట రంగు అరిగి నున్నగా ఉంది. అమ్మ ఎప్పుడూ అక్కడే చెయ్యి పెట్టుకునేది. కారును అంగుళం అంగుళం తుడిచినవాణ్ణి, ఆ మచ్చ ఎందుకు వచ్చిందో ఆ రోజే తట్టింది. గాలికి కళ్ళు నీళ్ళు తిరుగుతున్నాయని చెప్పి పక్కకి తిరిగాను. ఆమె ఏమీ అడగలేదు, స్పార్క్ లివర్ కొంచెం ముందుకి జరిపి రోడ్డు చూసుకుంది.

అప్పగించిన రోజు కాగితాలన్నీ ఇచ్చాను. డాక్టరుగారు తాతయ్యకి రాసిచ్చిన చీటీ, రిజిస్ట్రేషన్లు, రేకు డబ్బా, నోటుపుస్తకం. పుస్తకం ఉంచుకోమని మా పిల్లలు అన్నారు. పేజీలన్నీ ఫోటోలు తీసుకుని వాళ్ళకి పంపాను, పుస్తకం కారుతోనే పంపించాను. దాన్లో ఇంకా చాలా తెల్ల పేజీలున్నాయి.

పోయిన ఆదివారం ఫోన్ చేసింది. "అంకుల్, ఎత్తు మీద లో గేరు జారుతోంది. బ్యాండు మార్చాలా?" అని. ముందే మార్చక్కర్లేదమ్మా అన్నాను. లో బ్యాండు బిగించే స్క్రూ ట్రాన్స్‌మిషన్ కవరుకి బయటే ఉంటుంది, లాక్‌నట్ వదులు చేసి కొంచెం లోపలికి తిప్పి చూడమన్నాను. దానికీ లొంగకపోతే పైన చిన్న తలుపు విప్పాలి. విప్పేముందు డ్రమ్ముల చుట్టూ గుడ్డ కుక్కుకో, నట్టు లోపల పడిందంటే ట్రాన్స్‌మిషన్ అంతా వెతకాలి అని చెప్పాను. రాసుకుంటున్నట్టుంది, "ఒక్క నిమిషం, ఏ గుడ్డ అంకుల్?" అంది. పోగులు రాలని నూలు గుడ్డ అని చెప్పాను.